కూత ఆగకుండా: అంబర్‌పేట అమ్మాయిల కబడ్డీ వీడియో, ప్రాజెక్టు డైరీ

జూన్ మొదట్లో: పని ఎలా మొదలైంది

మా బస్తీకి దగ్గర్లో ఉన్న మైదానంలో సాయంత్రాలు అమ్మాయిలు కబడ్డీ ఆడతారు. చాలామంది చుట్టుపక్కల ప్రభుత్వ బడుల పిల్లలే. ఆరో తరగతిలో వచ్చి చేరతారు. ఎనిమిదికి వచ్చేసరికి ఆట ఒంటబడుతుంది. తొమ్మిదిలో అడుగుపెట్టగానే ఒక్కొక్కరే మానేస్తారు. కోచ్ సార్‌కు ఏళ్ళ తరబడి ఇదే బెంగ. బడులు తెరిచే రోజుల్లో నన్ను పిలిచి, "సింధు మీద, సిరాజ్ మీద వీడియోలొస్తయి గదమ్మా, చూస్తుంటే రోమాలు లేస్తయి. అసొంటిది మన పిల్లల మీద ఒకటి చెయ్యి. బడులల్ల చూపిద్దాం" అన్నారు.

నేను కృష్ణానగర్‌లో ఎడిటింగ్ చేస్తాను. టీవీ కార్యక్రమాలు, యూట్యూబ్ ఇంటర్వ్యూలు కట్ చేసే పని. ఇలాంటి స్ఫూర్తి వీడియో ఎప్పుడూ చేయలేదు. కానీ చిన్నప్పుడు బడి జట్టులో ఖోఖో ఆడి, సరిగ్గా తొమ్మిదో తరగతిలోనే మానేసినదాన్ని. అందుకే అడిగిన వెంటనే ఒప్పుకున్నాను.

అనుకున్నది రెండున్నర నిమిషాల వీడియో. ఒక కెమెరా, నా ఫోను, కోఠి గుజరాతీ గల్లీలో కొన్న మైకు ఉన్నాయి. తీయడానికి ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఈ వీడియోలు మనిషిని ఎలా కదిలిస్తాయి? కదిలించాక ఆ మనిషి నిజంగా లేచి ఏమైనా చేస్తారా?

అదే వారం: విప్పి చూడటం

మూడు గడుల పట్టిక గీసుకున్నాను. కనిపించేది, వినిపించేది, ఆ క్షణంలో మనసులో జరిగేది. పేరున్న వీడియోలను ఆపి ఆపి చూస్తూ నింపుతూ వచ్చాను.

ముందు బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్‌తో నైకీ 1997లో చేసిన ప్రకటన చూశాను. అర నిమిషమే. ఆయన కారు దిగి స్టేడియం లోపలికి నడుస్తుంటాడు, అంతే. వెనక ఆయన గొంతే వినిపిస్తుంది. 9000కు పైగా షాట్లు వేయలేకపోయాను, దాదాపు 300 మ్యాచ్‌లు ఓడిపోయాను, గెలిపించే చివరి షాట్ నా చేతికి ఇస్తే 26 సార్లు పోగొట్టాను అంటాడు. బంతి లేదు, బాస్కెట్ లేదు, కప్పు లేదు. చూసేవాడికి ఆయన గెలుపులు ముందే తెలుసు. ఆ తెలిసిన విషయాన్నే పెట్టుబడిగా పెట్టి ఓటముల లెక్క చెప్పారు. ఇదే మాట నిన్న మొన్న ఆట మొదలుపెట్టిన పిల్ల నోట పెడితే పనిచేయదు. మాట బరువు మాట్లాడే మనిషిని బట్టి ఉంటుంది. పట్టికలో ఈ వాక్యం కింద రెండు గీతలు గీశాను.

తర్వాత బ్రిటన్ రన్నర్ డెరెక్ రెడ్‌మండ్. 1992 బార్సిలోనా ఒలింపిక్స్, 400 మీటర్ల సెమీఫైనల్. సగం దూరం దాటకముందే తొడ వెనక కండరం చిరిగి కూలబడ్డాడు. లేచి ఒంటికాలి మీద కుంటుతుంటే గ్యాలరీలోంచి తండ్రి దిగి, అడ్డొచ్చిన సిబ్బందిని తోసుకుని వచ్చి భుజం పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి గీత దాటారు. లెక్క ప్రకారం అతను ఆ పరుగు పూర్తి చేసినట్టే కాదు. అయినా ఆనాటి పతకాల కంటే ఈ దృశ్యమే ఎక్కువమందికి గుర్తుంది. ఎందుకని చాలాసేపు ఆలోచించాను. కొడుకు పడిపోయినప్పుడు మనకు జాలి కలుగుతుంది. తండ్రి రాగానే మన మనసు ఆయన వెంట నడుస్తుంది. అంటే చూసేవాడికి ఆ తెర మీద చేయడానికి ఒక పని దొరికింది. ఆటగాడిలా పరుగెత్తలేకపోవచ్చు, తండ్రిలా లేచి వెళ్ళగలడు. ఈ ఆలోచన ముందుముందు చాలా పనికొచ్చింది.

భరతుడి నాట్యశాస్త్రంలో వీర రసానికి స్థాయీభావం, అంటే మూలమైన భావం, ఉత్సాహం; కరుణకు శోకం. చిన్నప్పుడు తెలుగు టీచర్ చెబితే విని వదిలేశాను. ఇప్పుడు వీడియోలు చూస్తుంటే అది ఎంత గట్టి మాటో తెలిసింది. ఇంటర్నెట్‌లో తిరిగే స్ఫూర్తి వీడియోల్లో చాలావాటికి పేరు వీరం, సరుకు మాత్రం కరుణ. కూలిపోయిన ఇల్లు, చిరిగిన బూట్లు, అమ్మ కన్నీళ్ళు, వాటి వెనక వయొలిన్. చూసినవాళ్ళ కళ్ళు చెమరుస్తాయి, అక్కడితో సరి. ఏడుపు వచ్చింది కాబట్టి వీడియో పనిచేసిందని తీసినవాళ్ళు అనుకుంటారు. ఉత్సాహం అంటే పని మొదలుపెట్టాలనే ఊపు. శోకం నుంచి అది దానంతట అదే పుట్టదు.

జూన్ రెండో వారం: అమ్మాయిలకు చూపించాం

ప్రాక్టీసు అయ్యాక మైదానం పక్కనున్న కమ్యూనిటీ హాలులో లాప్‌టాప్ పెట్టి, ఏరిన వీడియోలు చూపించాను. నేను తెర వైపు చూడలేదు, పిల్లల ముఖాలే చూస్తూ కూర్చున్నాను.

అందరికంటే ఎక్కువ చప్పట్లు సింధుకే. మన ఊరి అమ్మాయి, గచ్చిబౌలి అకాడమీలో పెరిగిన ఆట. 2017 గ్లాస్గో ప్రపంచ బ్యాడ్మింటన్ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో జపాన్ అమ్మాయి ఒకుహరాతో 110 నిమిషాలు పోరాడి 19-21, 22-20, 20-22తో ఓడిపోయింది. మరుసటి ఏడాది మళ్ళీ ఫైనల్, ఈసారి స్పెయిన్ అమ్మాయి మారిన్ చేతిలో ఓటమి. 2019లో బాసెల్‌లో అదే ఒకుహరాను 21-7, 21-7తో చిత్తు చేసింది. వీడియోలో ఈ కథంతా నిమిషంన్నరలో అయిపోయింది. రెండేళ్ళ సాధన ఎక్కడుందని వెతికితే, చీకట్లో తాడుతో గెంతుతున్న షాట్లు కొన్ని సెకన్లు.

మా జట్టు కెప్టెన్ పదో తరగతి. చప్పట్లు ఆగాక నా దగ్గరికొచ్చి, "అక్కా, మస్తుంది గానీ, నడుమ రెండేండ్లు ఆమె ఏం మార్చుకుందో చెప్పలేదు గదా" అంది. నా పట్టికలో లేని గడి ఆ పిల్ల చూపించింది.

కోచ్ సార్ అభిప్రాయం ఇంకా సూటిగా ఉంది. "గంట సేపు ఉషారుగ ఉంటరు. ఎల్లుండికి యాదికుండదు."

ఇంటికొచ్చి మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా రాసినవి తిరగేశాను. మనిషికి 'ఇది నేను చేయగలను' అనే నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో 1977లో ఆయన చెప్పిన లెక్కలో నాలుగు మూలాలున్నాయి. స్వయంగా చేసి సాధించిన అనుభవం అన్నిటికంటే బలమైనది. తర్వాతిది, తనలాంటి ఇంకొకరు చేయడం చూడటం. మూడోది ఎదుటివాళ్ళు చెప్పే మాట. నాలుగోది ఒంట్లో కలిగే స్థితి, అంటే గుండె దడ, అలసట, టెన్షన్ లాంటివి. స్ఫూర్తి వీడియోలు ఎక్కువగా మూడో దాని మీద, సంగీతంతో నాలుగో దాని మీద నడుస్తాయి. రెండో దాన్ని వాడుకున్నామనుకుంటాయి కానీ, అక్కడ 'తనలాంటి' అన్న మాటే అసలు కీలకం. ఒలింపిక్ పతక విజేతను చూసి ఆరో తరగతి పిల్ల మురిసిపోతుంది. తనలాంటిదని మాత్రం అనుకోదు. రెండేళ్ళు పెద్దదైన పక్క వీధి అక్క అదనపు పాయింటు ఇచ్చే బోనస్ గీత దాటి వస్తే, ఆ అక్క తనలాంటిదే.

సిరాజ్ సంగతి ఈ రాత్రే రాసి పెట్టుకోవాలి. 2025 ఆగస్టులో ఓవల్ టెస్టు. నాలుగో రోజు ఇంగ్లండ్ బ్యాటర్ హ్యారీ బ్రూక్ క్యాచ్ పట్టి, కాలు బౌండరీకి తగలడంతో సిక్సర్ ఇచ్చాడు. బ్రూక్ సెంచరీ కొట్టాడు. చివరి రోజు ఇంగ్లండ్‌కు 35 పరుగులే కావాలి. ఆ పొద్దున గూగుల్‌లో వెతికి, 'నమ్ము' అని రాసున్న రొనాల్డో బొమ్మను ఫోనుకు వాల్‌పేపర్‌గా పెట్టుకున్నానని మ్యాచ్ అయ్యాక చెప్పాడు. ఆ ఇన్నింగ్స్‌లో మొత్తం ఐదు వికెట్లు తీశాడు, చివరిది అట్కిన్సన్‌ను బౌల్డ్ చేసి. ఇండియా 6 పరుగులతో గెలిచింది. ఒక బొమ్మ మ్యాచ్ గెలిపించిందని చెప్పడం తేలిక. నాకు వేరే సంగతి కనిపించింది. ఆ బొమ్మ పడింది ఏళ్ళ తరబడి రోజూ బంతి వేసిన చేతికి. ఏం చేయాలో చేతికి తెలుసు, మనసును నిలబెట్టుకోవడానికి ఒక ఆసరా కావాల్సి వచ్చింది, దొరికింది. ఇంకా ఏం చేయాలో తెలియని పిల్లకు అదే బొమ్మ ఇస్తే గోడ మీద అందంగా ఉంటుంది. మన వీడియోలో 'నమ్ము' కంటే ముందు 'ఇదిగో ఇలా' ఉండాలి.

జూన్ చివర: చూడాల్సింది ఎవరు?

ఆట మానేసిన ముగ్గురు అమ్మాయిల ఇళ్ళకు కోచ్ సార్‌తో కలిసి వెళ్ళాను. అక్కడ ప్రాజెక్టు దారి మళ్ళింది.

ముగ్గురికీ ఆడాలనే ఉంది. ఒకరు ఇప్పటికీ గదిలో తలుపేసుకుని, కాలి వేలితో తాకే టో టచ్ ప్రాక్టీసు చేస్తోంది. వాళ్ళకు స్ఫూర్తి నింపాల్సిన పనేం లేదు, నిండుగానే ఉంది. వద్దన్నది ఇంట్లోవాళ్ళు. వద్దనడానికి వాళ్ళ దగ్గర కారణాలున్నాయి, అవి కొట్టిపారేసేవి కావు.

"ఏడు గొట్టెదాంక ఆట అంటరు. చీకట్ల ఒక్కతె ఎట్లొస్తది మేడం?" అని ఒకావిడ. చేయి విరిగితే పనెవరు చేస్తారు, ఖర్చెవరు పెడతారు అని ఇంకొకావిడ. నిక్కర్ల గురించి ఒక నాయనమ్మ. పదో తరగతి పరీక్షల గురించి అందరూ. ఒక తండ్రి మాత్రం, "నిఖత్‌కు, సిరాజ్‌కు డీఎస్పీ ఇచ్చిర్రు గదా, మా పిల్లకు కూడా కొలువొస్తదా?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు అవునని చెప్పే వీడియో చేయడం చాలా సులువు. నిజామాబాద్ నుంచి వచ్చిన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ అయింది. 2024లో రాష్ట్ర పోలీసు శాఖలో డీఎస్పీ అయింది. ఆమె యూనిఫాం ఫొటో ఒకటి పెడితే ఆ తండ్రి రేపే పిల్లను పంపుతాడు. కానీ మేము ఆ ఫొటో పెట్టడం లేదు. ప్రపంచ ఛాంపియన్లకు వచ్చిన దాన్ని బస్తీ జట్టు పిల్లలందరికీ వచ్చేదిగా చూపించడం అబద్ధం. గెలిచినవాళ్ళనే వరుసగా చూపిస్తే ఆటంటే గెలుపే అనిపిస్తుంది. వాళ్ళంతే కష్టపడి ఎక్కడా చేరనివాళ్ళ మీద ఎవరూ వీడియో తీయరు. సార్ ఆ తండ్రితో, "కొలువు సంగతి నేను చెప్పలేనన్నా. పిల్ల ధైర్యంగ నిలవడుతది, అది చెప్తా" అన్నారు. ఆ మాటకే ఆయన తలూపాడు.

ఆ రాత్రే నిర్ణయం మార్చుకున్నాం. వీడియో చూసేది పిల్లలు, ఒప్పుకోవాల్సింది అమ్మలు. రెడ్‌మండ్ తండ్రి గ్యాలరీలోంచి దిగినట్టు, ఈ వీడియోలో దిగిరావాల్సిన మనిషి అమ్మ.

జూలై మొదటి వారం: మైదానంలో

షూటింగ్ మొదలుపెట్టగానే లైట్లతో ఇబ్బంది వచ్చింది. స్లో మోషన్ కోసం సెకనుకు 120 ఫ్రేములు పెడితే తెర మీద వెలుతురు అలలుగా కొట్టుకుంటోంది. మన కరెంటు 50 హెర్ట్జ్. పాత ఫ్లడ్‌లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. 100 ఫ్రేములకు మార్చి, షట్టర్ 1/100 పెడితే కుదుటపడింది. మామూలు షాట్లు 25 ఫ్రేములు, షట్టర్ 1/50. ఇండియాలో రాత్రిపూట ఆటలు తీసేవాళ్ళందరూ ముందే ఇది సరిచూసుకోవాలి.

అసలు స్లో మోషన్ ఎక్కడ వాడాలన్న దాని మీద కెప్టెన్‌తో గంట వాదన జరిగింది. స్ఫూర్తి వీడియోల్లో అది దేవుడి ఊరేగింపులా వస్తుంది. నడిచినా స్లో, నీళ్ళు తాగినా స్లో. మనిషిని పెద్దగా చూపించడానికి అదొక పద్ధతి, పనిచేస్తుంది కూడా. కబడ్డీలో మాత్రం వేగమే ఆట. ఆ వేగాన్ని తీసేస్తే రైడర్ గొప్పతనమే పోతుంది. చివరికి ఒక్కచోటే వాడాలని తేల్చాం. కాలి బొటనవేలు డిఫెండర్ పాదాన్ని తాకే టో టచ్ దగ్గర, ఎందుకంటే మామూలు వేగంలో అది కంటికి దొరకదు. అక్కడ స్లో మోషన్ పొగడడానికి కాదు, నేర్పడానికి. కెప్టెన్ అడిగిన 'నడుమ ఏం మార్చుకుంది' అన్న ప్రశ్నకు ఇదొక చిన్న జవాబు.

కెమెరాను మోకాలి ఎత్తులో పెట్టాం. చేతులు పట్టుకుని చైన్ కట్టి నిలబడ్డ డిఫెండర్లు గోడలా కనిపిస్తారు, రైడర్ ఆ గోడ ముందు ఎంత ఒంటరో అర్థమవుతుంది. మహిళల కోర్టు 12 మీటర్లు పొడవు, 8 మీటర్లు వెడల్పు. గ్యాలరీలోంచి చూస్తే చిన్నదే. లోపల నిలబడితే ఏడుగురి మధ్య అది ఒక మైలు.

ఇక కూత. రైడ్‌కు 30 సెకన్లు, ఆ సేపంతా కూత తెగకూడదు. వేరే ఏ ఆటలోనూ ఆటగాడి ఊపిరి ఇలా బయటికి వినిపించదు. పెద్ద పెద్ద వీడియోల్లో గుండె చప్పుడు స్టూడియోలో కలుపుతారు, మాకు అలాంటిది ఆటలోనే ఉంది. దాన్ని ఎలా పట్టుకోవాలన్నదే తిప్పలు. రైడర్ జెర్సీకి కాలర్ మైకు పెట్టలేం, యాంకిల్ హోల్డ్ పడి, అంటే డిఫెండర్ చీలమండ పట్టుకుని లాగితే, బోర్లా పడినప్పుడు గుచ్చుకుంటుంది. పొడవు కర్రకు మైకు కట్టి కోర్టు పక్క నుంచి పట్టుకుంటే పాదాల చప్పుడు, అరుపులు బాగా వచ్చాయి, కూత మాత్రం దూరమైంది. నిలబెట్టి కూత పెట్టిస్తే గొంతు స్పష్టంగా ఉంది, ఊపిరిలో ఆయాసం లేదు. అది అబద్ధపు కూతని చెవికి వెంటనే తెలిసిపోతుంది. డిఫెండర్లు లేకుండా ఖాళీ కోర్టులో నిజం రైడ్‌లాగే పరుగెత్తించి, కాలర్ మైకుతో రికార్డ్ చేశాం. అప్పుడు కుదిరింది. 'కబడ్డీ కబడ్డీ' అనే మాట చివరి సెకన్లలో 'బడ్డి బడ్డి' అయి, ఆ తర్వాత ఒట్టి ఊపిరై మిగిలింది. విన్నవాళ్ళకు తెలియకుండానే వాళ్ళ ఊపిరి బిగుసుకుంటుంది.

తర్వాత నాలుగు రోజులు వాన. మ్యాట్ తడిస్తే పాదం జారుతుంది, ఆడించలేదు.

జూలై రెండో వారం: ఏం చూపించకూడదు

కెప్టెన్ ఇంట్లో కొన్ని షాట్లు తీద్దామని అడిగాను. ఒక్క గది ఇల్లు, అమ్మ టైలరింగ్. స్ఫూర్తి వీడియో కొలతల్లో అది బంగారం. ఆ పిల్ల సూటిగా, "ఇల్లు చూపియ్యకు అక్కా. నేను ఆడేది చూపియ్యి" అంది.

స్టెల్లా యంగ్ అనే ఆస్ట్రేలియా జర్నలిస్టు 2014లో సిడ్నీలో ఇచ్చిన ప్రసంగం గుర్తొచ్చింది. వీల్‌చెయిర్‌లో జీవించిన ఆమె, వికలాంగులను ఇతరుల స్ఫూర్తి కోసం వాడుకునే బొమ్మలుగా మార్చడాన్ని గట్టిగా ఎదిరించింది. మన దగ్గర దీప్తి జీవాంజి విషయం చూడండి. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి. 2024 మేలో జపాన్‌లోని కోబెలో ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్ల టీ20 (మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ళ) విభాగంలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టి స్వర్ణం గెలిచింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. నేను చూసిన వీడియోల్లో చిన్నప్పుడు ఆమెను ఎవరెవరు ఎగతాళి చేశారన్నదే సగానికి పైగా. ఆ 55.07 వెనక ఉన్న పరుగు, మలుపు దగ్గర భుజం పట్టు, కోచ్ నాగపురి రమేశ్ చేయించిన సాధన ఎక్కడో చివర మెరిసి పోతాయి. అవమానాన్ని చెప్పకూడదని కాదు నా మాట. ఆమె పరుగుకు దక్కాల్సిన చోటు మన జాలికి దక్కుతోంది.

కెప్టెన్ మాట అందరికీ వర్తించేలా పెట్టాం. ఇళ్ళు లేవు, కన్నీళ్ళు లేవు. తల్లిదండ్రుల నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాం. పేర్లు వేయడం లేదు, బడి పేరున్న టీషర్టులతో తీసిన షాట్లు పక్కన పెట్టాం.

అమ్మలను మాత్రం చూపించాలి, మైదానంలోనే. పిల్లను తీసుకెళ్ళడానికి వచ్చి గేటు దగ్గర నిలబడ్డ ఒకావిడ ముఖం, ఆవిడ ఒప్పుకున్నాకే తీశాను. ఎటో చూస్తున్న మామూలు ముఖం. దాన్ని రైడ్ షాట్ తర్వాత పెడితే భయపడుతున్నట్టు, టో టచ్ తర్వాత పెడితే మురిసిపోతున్నట్టు కనిపించింది. వందేళ్ళ కిందట రష్యాలో సినిమా దర్శకుడు కులెషోవ్ ఒకే నటుడి ముఖాన్ని సూపు గిన్నె పక్కన, శవపేటిక పక్కన పెట్టి చేసి చూపించింది ఇదే. ఎడిటర్లమందరం రోజూ వాడే కిటుకు. కానీ ఆవిడ నటి కాదు, ఒక పిల్ల తల్లి. ఆవిడ పడని భయాన్ని ఆవిడ ముఖానికి అంటించే హక్కు నాకు లేదు. అందుకే ఆ ముఖాన్ని పక్కన పెట్టి, మరో సాయంత్రం నిజంగా ఆట చూస్తున్నప్పుడు తీసిన షాట్లనే వాడాను, ఏ రైడ్‌ను చూస్తోందో ఆ రైడ్ పక్కనే. పని రెండింతలైంది. ఫలితం బాగుంది, ఎందుకంటే నిజం ముఖంలో మేము ఊహించనిది ఒకటి దొరికింది. కూతురు పట్టుబడినప్పుడు ఆవిడ పెదవులు కూత పెడుతున్నట్టు కదులుతున్నాయి. అడిగితే, చిన్నప్పుడు ఊళ్ళో తానూ ఆడానని చెప్పింది.

బోనాల రోజులు: సంగీతం

మొదట వాడదామనుకున్నది రెడీమేడ్‌గా దొరికే భారీ సంగీతం, డ్రమ్ములు, కోరస్. పేరున్న పాటలు పెడితే, కాపీరైట్ ఉన్నవాటిని గుర్తుపట్టే యూట్యూబ్ కంటెంట్ ఐడీ పట్టుకుంటుంది, క్రికెట్ బోర్డు దృశ్యాలకూ అంతే. అందుకే మొదటి నుంచీ అన్నీ సొంతంగానే అనుకున్నాం.

సంగీతం ఒంటి మీద చేసే పని గురించి లండన్ బ్రూనెల్ యూనివర్సిటీలో కోస్టాస్ కరాగియోర్గిస్ ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. నడకలో, మోస్తరు పరుగులో లయ తగిన పాట శ్రమను తక్కువ అనిపించేలా చేస్తుంది. ఒళ్ళు పూర్తిగా అలిసిపోయే స్థాయికి వెళ్ళాక ఆ మాయ తగ్గుతుంది, అప్పుడు ఊపిరి మాటే మనసు వింటుంది. రైడర్ పరిస్థితి ఈ రెండోదే కదా. అందుకే మొదటి 30 సెకన్లకు సంగీతం తీసేశాను. నల్ల తెర, కూత మొదలు, ఒక పూర్తి రైడ్, నిజం నిడివిలో. కూత లయకే కట్‌లు పడ్డాయి.

రైడ్ అయిపోగానే డప్పు. లష్కర్ బోనాలకు సిద్ధమవుతున్న మా బస్తీ డప్పు వాళ్ళతో మాట్లాడి, మామూలుగా తీసుకునే డబ్బు ఇచ్చి, తీన్‌మార్ దరువు రికార్డ్ చేశాం. ఈ దరువు వింటే హైదరాబాద్‌లో ఎవరి కాలూ ఊరుకోదు. అమ్మలకూ అది పండుగ చప్పుడు, పరాయిది కాదు.

జూలై చివర: మాటలు, ముగింపు

వెనక నుంచి గంభీరమైన మగ గొంతు వద్దని మొదటే అనుకున్నాం. మాట్లాడేది ఇదే జట్టులో ఆడి ఇప్పుడు ఇంటర్ చదువుతున్న అమ్మాయి. కెమెరా వైపు తిరిగి అమ్మలతో మాట్లాడుతుంది. "ఆంటీ, నేను గూడ తొమ్మిదిల మానేసిన. ఆర్నెల్లకు మా అమ్మనే తోలుకొచ్చింది" అని మొదలవుతుంది. చీకటి గురించి, పరీక్షల నెలలో ప్రాక్టీసు తగ్గించడం గురించి, లెగ్గింగ్స్ మీద ఆడొచ్చని, పడటం ముందు నేర్పిస్తారని చెబుతుంది. ప్రతి మాటకూ పక్కనే ఆ దృశ్యం. పడే పద్ధతి నేర్పుతున్న కోచ్, పుస్తకాల సంచులు వరుసగా పెట్టిన అరుగు. ఆవేశం లేదు. అయినా నాకు వీడియోలో అన్నిటికంటే బలంగా అనిపించిన భాగం ఇదే.

కోచ్ సార్ ఒక చోట పట్టుబట్టారు. 2018 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో మన మహిళలు ఇరాన్ చేతిలో 24-27తో ఓడిపోయారు. తర్వాతి ఆసియా క్రీడల్లో, 2023లో హాంగ్‌ఝౌలో, చైనీస్ తైపీని 26-25తో ఓడించి స్వర్ణం తెచ్చారు. "ఒక్క పాయింటు. మనం రోజూ నేర్పే బోనస్ పాయింటు అంత" అని ఆయన గొంతుతోనే పెట్టాం. పెద్ద గెలుపును తీసుకొచ్చి పిల్ల ఈ సాయంత్రం చేయగలిగే పని పక్కన కూర్చోబెట్టాడు ఆయన. నేను వారాల తరబడి వెతికింది ఇదే.

ముగింపు గురించి మనస్తత్వవేత్త గాబ్రియేల్ ఓటింగన్ పరిశోధన ఒకటి నన్ను ఆపింది. కోరుకున్న భవిష్యత్తును తియ్యగా ఊహించుకుంటే ఒంట్లో ఊపు తగ్గుతుందని 2011లో ఆమె, హెదర్ కాపెస్ కలిసి ప్రయోగాలతో చూపించారు. మనసు అప్పుడే సాధించేసినట్టు సేదతీరుతుంది. కప్పు ఎత్తుకున్న షాట్‌తో ముగిస్తే జరిగేది అదే కావొచ్చు. ఓటింగన్ భర్త, ఆయనా మనస్తత్వవేత్తే, పీటర్ గోల్విట్జర్ చెప్పింది ఇంకా పనికొచ్చింది. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అని ముందే తేల్చుకున్నవాళ్ళు అనుకున్న పని చేసే అవకాశం ఎక్కువ.

అందుకే వీడియో చివర రైడర్ పట్టుబడుతుంది. డిఫెండర్లు చేయిచ్చి లేపుతారు. ఆమె మళ్ళీ మధ్య గీత దగ్గరికి వెళుతుంది. తర్వాత తెర మీద అక్షరాలు: 'మంగళవారం సాయంత్రం 5 గంటలు. అమ్మతో కలిసి రండి. మొదటి రోజు చూస్తే చాలు.'

ఆగస్టు: చూపించాక

మొదట ఒక బడిలో, పిల్లలు తల్లులతో వచ్చిన సమావేశం రోజున వేశాం. కూత మొదలవగానే హాలు నిశ్శబ్దమైంది. డప్పుకు చిన్నపిల్లలు లేచారు. అమ్మలు కదిలింది ఇంటర్ అమ్మాయి మాటల దగ్గర, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అయ్యాక కోచ్ సార్ చుట్టూ చేరి అడిగినవన్నీ పనికొచ్చే ప్రశ్నలు. పిల్లలను ఇంటిదాకా ఎవరు దింపుతారు? బూట్లు కొనాలా? పరీక్షలప్పుడు నిజంగా తగ్గిస్తారా?

దింపే విషయంలో వీడియో దగ్గర జవాబు లేదు. జవాబు ఆ హాలులోనే తయారైంది. ఒకే దారిలో ఉండే అమ్మలు వంతులు వేసుకున్నారు, రోజుకొకరు వచ్చి ఆ గల్లీ పిల్లలందరినీ తీసుకెళతారు. మంగళవారం కొత్త పిల్లలు వచ్చారు, చాలామంది తల్లులతోనే. మానేసిన ముగ్గురిలో ఇద్దరు తిరిగి వచ్చారు. మూడో అమ్మాయి ఇంట్లో ఇంకా ఒప్పుకోలేదు. ఇదంతా వీడియో వల్లే అని నేను చెప్పను. సార్ ఇల్లిల్లూ తిరిగింది, అమ్మలు వంతులు వేసుకున్నది లేకపోతే అది రెండున్నర నిమిషాల దృశ్యమే.

వాట్సాప్‌లో పంపితే కొన్ని ఇబ్బందులు తెలిశాయి. బొమ్మ నాణ్యత తగ్గి రాత్రి షాట్లు మసకబారాయి. చాలామంది సౌండ్ ఆపి చూస్తున్నారు, వాళ్ళకు మొదటి 30 సెకన్లు ఏమీ కానట్టే. నిలువు తెరకు వేరే కట్ చేసి, కూత అక్షరాలను తెర మీదే ఊపిరితో పాటు చిన్నబోయేలా వేస్తున్నాను. వంతుల సంగతి చివరి కార్డులో కలిపాను.

ఇంకా మిగిలింది ఉర్దూ వెర్షన్. అంబర్‌పేటలో చాలా గల్లీల్లో ఇంటి భాష అదే. తెలుగు గొంతు మీద కింద అక్షరాలు వేస్తే చాలదని కెప్టెన్ అంటోంది, నాకూ అదే సరైనదనిపిస్తోంది. జట్టులో లెఫ్ట్ కార్నర్ ఆడే అమ్మాయి అక్క మాట్లాడతానంది. ఆమె ఏం చెప్పాలో నేను రాయడం లేదు, వాళ్ళమ్మను ఆమె ఎలా ఒప్పించిందో అదే చెప్పమన్నాను. ఆదివారం రికార్డింగ్, కమ్యూనిటీ హాలు తాళం సార్ దగ్గర తీసుకోవాలి.